నెలనెలా పిన్ని

పిచ్చుకా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. ఫోన్‌లో నువ్వు నన్ను రెండు ముక్కలు చెప్పనివ్వవు. 'సరేలే పిన్నీ, వచ్చెయ్' అంటావు, నేను కరిగిపోతాను. ఈసారి కరగదలుచుకోలేదు. వారంలో వస్తానని చెప్పి నా స్నేహితురాలింటికి వచ్చాను గదా, ఇక రాను. వీళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది. నా టైలరింగ్ దుకాణం మూసేసినప్పుడు కుట్టుమిషను వీళ్ళింట్లోనే దాచాను, అది కిటికీ పక్కన సరిగ్గా పట్టింది. ఆపరేషనైన కన్ను కుదుటపడింది, సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. నా తిండి నేను సంపాదించుకోగలను.

కారణం చెప్పకపోతే 'మీరే ఏదో అని ఉంటారు' అని అల్లుడి మీద పడతావు. పాపం ఆయన ఏమీ అనలేదు. కారణం నీ లెక్కల కంప్యూటరు.

నాకు పొద్దుపోవడం లేదని ఇంటి లెక్కలు రాయడం నేర్పావు, గుర్తుందా? నేను అద్దె రాయబోతే చెయ్యి పట్టుకున్నావు. "ప్రతి నెలా అదే అద్దె, అదే తేదీ. మళ్ళీ మళ్ళీ కొట్టడమెందుకు పిన్నీ? ఒక్కసారి నింపి, నెలకోసారి అని చెప్పేస్తే తేదీ రాగానే అదే రాసేసుకుంటుంది" అన్నావు. "ఓహో, మా అచ్చుకాగితమన్నమాట! ఒకసారి కత్తిరించి పెట్టుకుంటే ఎన్ని చొక్కాలైనా కోసుకోవచ్చు" అన్నాను. "మరి కరెంటు బిల్లు నెలకో రకంగా వస్తుందిగా?" అని అడిగితే, "దానికి ఉజ్జాయింపుగా ఒక అంకె వేసి, రాసేముందు అడగమని పెట్టాలి. అడిగినప్పుడు దిద్దితే చాలు" అన్నావు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు నువ్వు ఆఫీసుకెళ్ళాక, పాల బిల్లు కూడా అలాగే పెడదామని ఆ జాబితా తెరిచాను. ఇంటద్దె, కరెంటు, నెట్టు, బండి వాయిదా, పిన్ని. నా పేరు చూసి మొదట నవ్వొచ్చింది. తర్వాత మనసు చివుక్కుమంది. ప్రతి ఒకటో తారీఖున నా దిండు కింద డబ్బు పెడతావే, 'పిల్లకి గుర్తొచ్చాను' అని ఆ రోజంతా సంబరపడేదాన్ని. గుర్తొచ్చేది నీకు కాదు, దానికన్నమాట! మీ అమ్మ పోయాక నిన్ను పెంచినందుకు నువ్వు నాకు వాయిదాలు కట్టనక్కర్లేదే తల్లీ.

బెంగ పెట్టుకోకు. వేళకి తిను.

నీ పిన్ని

---

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండింది. పేరు దాకా చదివి మూసేశావు, పక్కకి జరిపి చూడలేదు. ఎంత, ఎన్నాళ్ళకోసారి అని అడిగాక, ఎప్పటివరకు అని కూడా అడుగుతుందది. బండి వాయిదా వచ్చే ఏడాదితో సరి. అద్దె, కరెంటు, నెట్టు ఈ ఇంటి ఒప్పందం ఉన్నంతవరకే. నువ్వొచ్చిన రోజు 'కన్ను బాగుపడేదాకా ఓ నాలుగు నెలలుంటా' అన్నావు కదా, నీకూ నాలుగు నెలలనే కొట్టబోయాను. మీ అల్లుడు వెనకనుంచి చూసి, "నాలుగు నెలల తర్వాత అత్తయ్యగారిని ఎక్కడికి పంపుతావు?" అన్నారు. నాకు సిగ్గేసింది. అక్కడే 'ముగింపు లేదు' అని ఒక గడి ఉంది. అది నొక్కాను. మొత్తం జాబితాలో ఆ గుర్తున్నది నీ ఒక్కదానికే. ఈ ఇల్లు ఖాళీ చేస్తే అద్దె, కరెంటు, నెట్టు ఇక్కడే ఆగిపోతాయి. నువ్వు మాత్రం మేం ఏ ఇంటికెళితే ఆ ఇంటికి వస్తావు.

అయినా నువ్వన్నదాంట్లో నిజం లేకపోలేదు. దిండు కింద పెట్టేసి ఆఫీసుకు పరిగెత్తడమే గానీ, నీకేం కావాలని ఒక్క నెలైనా అడగలేదు. నువ్వైతే నా స్కూలు గౌను అంచు మడతలో బెత్తెడు గుడ్డ వదిలేదానివి, ఏడాదికోసారి నన్ను నిలబెట్టి కొలిచి, ఆ మడత విప్పేదానివి. అందుకే నిన్న నీ పద్దు మార్చాను. ఇక తనంతట తాను రాసుకోదు, ముందు నన్ను అడుగుతుంది. నేనొచ్చి నిన్ను అడుగుతాను. నువ్వు మంచం మీద కూర్చుని 'నాకేం వద్దులే' అని అబద్ధమాడాలి. దానికి నువ్వు ఇక్కడుండాలి కదా!

కిటికీ మనింట్లోనూ ఉంది. మీ అల్లుడు తన బల్ల జరిపి మిషనుకి చోటు చేశారు.

పిచ్చుక

---

పిచ్చుకా,

కరగనని రాసిన ఆ ఉత్తరం చింపెయ్. ఆదివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. మిషను బరువు, అల్లుణ్ణి స్టాండుకి పంపు. నువ్వు అడగకముందే చెబుతున్నాను, ఈ నెల నాకు కొత్త కళ్ళజోడు కావాలి. ఈసారి పక్కకి జరిపి, చివరిదాకా చదువుతాను.

బస్సు టిక్కెట్టు కూడా లెక్కలో రాస్తావేమో, రాసుకో. అది మాత్రం ఒక్కసారికే. నెలనెలా అని పెట్టకు.

నీ పిన్ని