నాన్న కట్టని గట్టు

సీతంపేట కొండల నుంచి, 1926.

తమ్ముడు బర్నబాకు,

మిషన్ పత్రికలో నువ్వు రాసిన మన నాన్న చరిత్ర చదివాను. కొండవాలున రాతిగట్లు కట్టి వరిమడులు చేసింది ఆయనేనని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఎలుగుబంటి చీరేశాక నాన్న ఆరేళ్లు మంచం దిగలేదు. కింద పారే గెడ్డలోంచి ప్రతి రాయీ మోసుకొచ్చి పేర్చింది అమ్మ. నిన్ను కన్న మూడోనాడే, నిన్ను బుట్టలో పడుకోబెట్టి మళ్లీ గట్టెక్కింది. నీ రాతలో ఆమె కనిపించేది ఒక్కచోటే, నాన్నకు చోడి అంబలి పోస్తూ.

ఆ పత్రిక ఒళ్లో పెట్టుకుని అమ్మ పొద్దున్నుంచీ "నా గురించి ఏటి రాసినాడే గుంటడు?" అని అడుగుతోంది. నేను చదవను. బేగి వచ్చి, ఆమె ఎదుట కూర్చుని నువ్వే చదువు.

ఆ రాళ్లు అందించిన
నీ అక్క