ఈజ్ అన్నా, ఆర్ అన్నా

ఆదోని,
శుక్రవారం.

పూజ్యురాలైన అక్కయ్యకు, నీ చెల్లెలు సుభద్ర నమస్కరించి రాసుకుంటున్న సంగతులు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. చంటిదానికి కోరింత దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? కాలవకు నీళ్లు వదిలారా? ఇక్కడ జూన్ వచ్చినా చినుకు లేదు. నల్లరేగడి దుమ్ము లేస్తే ఎదుటి ఇల్లు కనిపించదు. ఉప్పునీళ్లతో పప్పు ఉడకదు. జొన్నరొట్టె మాత్రం అలవాటైంది. ఇంటావిడ ఎల్లమ్మ వేడివేడిగా ఒకటి తెచ్చి పెడుతుంది. "తిను టీచరమ్మా, సన్నబియ్యం తిని ఈ ఎండకు యాడ తట్టుకుంటావు?" అంటుంది. కాబట్టి నా తిండి గురించి అమ్మను దిగులు పడవద్దని చెప్పు.

వేసవి సెలవులకు నేను రాలేదని నీకు కోపంగా ఉందని తెలుసు. ఒంట్లో బాగాలేక రాలేదేమోనని బావగారు భయపడ్డారట. ఒంట్లో బాగానే ఉంది, మళ్లీ చెబుతున్నాను. రాకపోవడానికి కారణం వేరే. అది తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు.

ఇక్కడి తాలూకా స్కూళ్లన్నిటికీ ఐదో ఫారం పరీక్షకు ఒకటే పేపరు. ఇంగ్లీషు ఈ పిల్లలకు రెండో భాష. కాగితాలు దిద్దడానికి మమ్మల్నందరినీ ఎమ్మిగనూరుకు పిలిచారు. ఆదోని పిల్లల కాగితాలు ఎమ్మిగనూరు మాస్టర్లకు, వాళ్ల పిల్లలవి మాకు. రేకుల కప్పు కింద పొడుగాటి హాలు. గోడ అవతల మగ్గాల చప్పుడు. ఆడవాళ్లలో నేనొక్కదాన్నే. చీఫ్ ఎగ్జామినరు గారు పెద్దమనిషి, కర్నూలు నుంచి వచ్చారు. తలమీద తడి తువ్వాలు వేసుకుని, నాలుకతో వేలు తడుపుకుంటూ కాగితాలు తిప్పుతారు. ఆయన చూసిన కట్ట తరువాత నా చేతికి రావాలి. అక్కయ్యా, చేతికి రుమాలు చుట్టుకుని దిద్దాను.

టీ వచ్చినప్పుడల్లా మాస్టర్లు పిల్లలు రాసిన తప్పులు పైకి చదివి నవ్వుకునేవారు. ఒకాయనైతే పిల్లల యాసలో చదివి చూపించేవాడు. నేను తల వంచుకుని దిద్దుకునేదాన్ని.

పేపర్లో ఖాళీలు పూరించే వాక్యం ఒకటుంది. "రాము, యాజ్ వెల్ యాజ్ హిజ్ బ్రదర్స్," తరువాత ఖాళీ, తరువాత "గోయింగ్ టు స్కూల్." ఈజ్ రాయాలా, ఆర్ రాయాలా అని ప్రశ్న. యాజ్ వెల్ యాజ్ అంటే తోపాటు అని. వాక్యంలో కర్త రాము ఒక్కడే, కాబట్టి ఈజ్ రాయాలి. కాని చీఫ్ గారు రాసి ఇచ్చిన జవాబుల కాగితంలో ఆర్ అని ఉంది. దానికి రెండు మార్కులు. మన వైపు పిల్లలకైతే రెండు మార్కులు పోయినా ఫరవాలేదు. ఇక్కడ సగం మంది పాసుకు ఇటో అటో వేలాడుతుంటారు. తప్పిన ఆడపిల్లను మళ్లీ బడికి పంపరు.

నేను దిద్దుతున్న కట్టలో అందరూ ఈజ్ అనే రాశారు. వాళ్లకు చెప్పింది రామాంజనేయులు మాస్టరు. ఎమ్మిగనూరు స్కూల్లో తాత్కాలికపు ఉద్యోగం ఆయనది. ఎప్పుడూ పొగాకు నములుతూ, కిటికీలోంచి ఉమ్ముతూ ఉంటాడు, ఆ కిటికీ పక్కనే నా బల్ల. ఆయన మా ఆదోని పిల్లల కాగితాలు దిద్దుతున్నాడు. చూద్దును గదా, ఈజ్ అని రాసిన ప్రతిదాన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తున్నాడు. తాను నేర్పినదాన్ని తానే కొట్టేస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం వరండాలో నా దగ్గరికి వచ్చాడు. "టీచరమ్మా, మా పిల్లోల్లు రాసింది రైటే గదా?"

"రైటే. మరి మీరెందుకు కొట్టేస్తున్నారు?"

"ఏం సేసేది? అందరికీ తప్పు సెప్పినావని మా హెడ్మాస్టరు నిన్న నన్ను నిలబెట్టి అడిగినాడు. నేను నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతాది. మీరు ఆడోల్లు, పైగా మీ స్కూలు వేరే. మీరు సెప్తే ఇంటారు. ఒక్క మాట అడగండి."

అతని మీద జాలి కన్నా వెగటే ఎక్కువ కలిగింది. అయినా పిల్లల కోసమని వెళ్లి అడిగాను. చీఫ్ గారు తువ్వాలు తీసి నన్ను ఎగాదిగా చూశారు.

"అన్నదమ్ములు ఎంతమందో ఉన్నారా లేదా? ఉన్నారు. అయితే ఆర్."

"కర్త రాము ఒక్కడే కదండీ."

"ఇరవై ఏళ్లుగా దిద్దుతున్నానమ్మా. కాగితంలో ఏముంటే అది దిద్దు."

హాలంతా విన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. వాళ్లందరికీ తెలుసక్కయ్యా, నాకు తెలిసినట్టే తెలుసు. నేను ఆ ప్రశ్న దగ్గర మార్కు వేయకుండా వదిలి, మిగతావి దిద్దాను. మాట వినలేదని చీఫ్ గారు పై అధికారులకు రాశారు. జిల్లా ఆఫీసరుగారు వచ్చి విచారించేదాకా ఊరు వదలవద్దని మా హెడ్మిస్ట్రెస్ ఉత్తర్వు ఇచ్చింది. నాదీ తాత్కాలికపు ఉద్యోగమే. అలా సెలవులన్నీ ఈ గదిలో ఎండిపోయాయి.

సెలవులు అయిపోవస్తుండగా ఆఫీసరుగారు ఎమ్మిగనూరు వచ్చారు. మమ్మల్ని పిలిచి ప్రశ్న చదువుకున్నారు. ఏది సరైనదో ఆయనకు తెలుసని మొహం చూస్తేనే అర్థమైంది. రామాంజనేయులు వైపు తిరిగి, "మీరు క్లాసులో ఏం చెప్పారు?" అని అడిగారు.

అతను నా వైపు చూడలేదు. "రెండూ సెప్పినాను సార్. ఈజ్ అన్నా, ఆర్ అన్నా సెల్లుతాది అని సెప్పినాను."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఆఫీసరుగారికి ప్రాణం లేచి వచ్చింది. ఆ ప్రశ్న ముట్టుకున్న ప్రతివాడికీ రెండు మార్కులు వేయమన్నారు. చీఫ్ గారి మాటా నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. "ఇకమీదట ఇలాంటివి ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పమ్మా" అన్నారు చీఫ్ గారు, కూతురితో అన్నట్టు.

బస్సు దగ్గర రామాంజనేయులు వేరుశనక్కాయల సంచితో నిలబడి ఉన్నాడు. "కోపం పెట్టుకోవద్దండి. మా స్కూల్లో పాసైనోల్లు ఎప్పుడూ ఇంతమంది లేరు. అంతా మీ పుణ్యమే. ఏది రైటైతే ఏముంది, ఇడిసిపెట్టండి."

సంచి తీసుకోలేదు. అతను బస్సెక్కి దాన్ని నా సీటు కింద పెట్టి దిగిపోయాడు. ఆదోనిలో దిగి ఆ కాయలు ఎల్లమ్మకు ఇచ్చేశాను.

స్కూళ్లు తెరిచారు. ఆరో ఫారం ఇంగ్లీషు నాకే ఇచ్చారు. మొదటిరోజే వెనక బెంచీ నుంచి నాగవేణి అనే పిల్ల లేచింది. వాళ్లమ్మ పత్తి మిల్లులో పని చేస్తుంది.

"టీచర్, ఆ ప్రశ్నకు నేనేమీ రాయలేదు. ఊరికే గీత గీసినాను. నాగ్గూడా రెండు మార్కులేసినారు. దాంతోనే పాసైనాను."

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల కూర్చోలేదు.

"ఇంతకీ ఏది రాయల్ల టీచర్?"

అన్ని రోజుల్లో, అంతమంది పెద్దవాళ్లలో, తెలుసుకుందామని ఆ మాట నన్ను అడిగినవారు లేరు. బోర్డు మీద రాసి చెప్పాను. "రాము తమ్ముళ్లతోపాటు పోతాండాడు అంటావా, పోతాండారు అంటావా?" అని వాళ్ల మాటలోనే అడిగాను.

"పోతాండాడు." కాసేపు పెదవులు కదిపి, తనే ఒక వాక్యం చెప్పింది: "మై మదర్, యాజ్ వెల్ యాజ్ మై సిస్టర్స్, ఈజ్ వర్కింగ్ ఇన్ ద మిల్."

సరిగ్గా ఉందన్నాను. కూర్చుంది.

వచ్చే ఏడు దిద్దడానికి కూడా నా పేరు వేశారు. వెళ్తాను. ఆ హాలు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, అయినా వెళ్తాను.

వీలైతే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు కాస్త మాగాయ, ఒక పాత మెత్తటి చీర పంపు. బావగారికి ఇక్కడి నేత దుప్పటి తీసి ఉంచాను. దసరాకు తప్పక వస్తానని అమ్మకు చెప్పు. పెద్దలందరికీ నా నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉంచమని కోరుతూ,

నీ చెల్లెలు,
సుభద్ర.