రిజిస్టరులో లేని పేరు

పశుసంవర్ధక శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదోన్నతి జాబితాలో నా పేరు ఎదుట 'అనుభవము: నిల్' అని వ్రాసిన సంగతి గురించి.

కృష్ణ ఒడ్డున మా ఊరి పశువుల దవాఖానలో నేను పంతొమ్మిదేళ్లుగా సహాయకుడిని.

1. తలుపు తీయుట, ఊడ్చుట, పశువును పట్టుకొనుట నా పనియని ఉత్తర్వులో ఉన్నది. ఎదకు వచ్చిన బర్రెలకు సూది వేసినది, అడ్డం తిరిగిన దూడలను లాగినది కూడా నేనే. తరువాత రిజిస్టరులో డాక్టరు గారి పేరు వ్రాసినదీ నేనే. మా దవాఖాన పద్ధతి అది.

2. డాక్టరు రాఘవేందర్ గారు కొత్తగా వచ్చినప్పుడు, కడుపులో చేతికి తగిలినది దూడ కాలో తలో గుర్తుపట్టుట నా దగ్గరే నేర్చుకున్నారు. "చిన్నన్నా, నీ పేరు రాస్తే నీకే మెమో వస్తది. నా పేరు రాయి. ప్రమోషనప్పుడు నేను జెప్త" అన్నారు. నమ్మితిని.

3. మొన్న అనుభవం చూపమనగా పదకొండు రిజిస్టర్లు షేర్ ఆటోలో గద్వాలకు మోసుకొచ్చితిని. గుమాస్తా తిరగేసి "యాడన్న నీ పేరున్నదా?" అని అడిగెను. లేదు. దస్తూరి మాత్రం అంతా నాదే. అక్కడే కూర్చున్న డాక్టరు గారు నా అనుభవ పత్రం మీద 'ప్రవర్తన మంచిది, ఊడ్చుటలో లోపము లేదు' అని వ్రాసి సంతకం చేసిరి. నా ముఖం చూడలేదు.

4. వచ్చే ఏడు నాకు పదోన్నతి వయసు దాటిపోవును. ఇదే ఆఖరి జాబితా. నా జీతమెంతో తమకు తెలుసు, ఆ మాట ఎత్తను. "ఇన్నేండ్లు వేరేటోళ్ల పేరు రాసుకుంట ఏం జేసినవ్?" అని నా భార్య వనజ అడిగినది. నాకు ఏడుపు వచ్చినది. అర్జీలో ఇట్లాంటివి వ్రాయకూడదని తెలుసు.

కావున ఆ దస్తూరిని ఈ దస్తూరితో పోల్చి చూచి, జాబితాలో నా పేరు ఎదుట అనుభవము చేర్చవలెను. నా పంతొమ్మిదేళ్లను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చిన్నయ్య

తా.క. ఇది వ్రాస్తుండగా డాక్టరు గారు ఫోన్ చేసిరి. "తిరుపతమ్మ బర్రె ఈనలేక పరేషాన్ అయితుంది, జర పోయి చూడు" అన్నారు. పోయినాను. బర్రె నాకేం అన్యాయం చేసింది? దూడ బతికింది. వచ్చి రిజిస్టరులో మొదటిసారి నా పేరు వ్రాసినాను. అర్హత లేకుండా వైద్యం చేసినందుకు మెమో ఇవ్వండి. అందులో నేను వైద్యం చేశానని తమరే వ్రాయవలసి వస్తుంది. ఆ కాగితం నాకు చాలు.