మాచర్ల రోడ్డున పాతిన రాళ్లు

నరసరావుపేట,
1946 ఆగస్టు, శుక్రవారం.

తమ్ముడు యాకూబ్‌కు అక్క మాబున్నీసా దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమమని, అక్కడ నీ క్షేమం తెలపమని ముందుగా రాయాలి గనుక రాస్తున్నాను. అన్నం తింటున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. క్షేమమంటే అంతే అయితే క్షేమమే. కానీ నాకు కోపంగా ఉంది యాకూబ్. పొద్దున లేచింది మొదలు కోపంగానే ఉంటోంది. పొయ్యిలో పుల్ల కూడా విసురుగా పెడుతున్నానని మీ బావ నవ్వుతున్నాడు. కాలు పోయింది ఆయనది, కోపం నాది. ఇదేం వంతులో నాకు తెలియదు.

నువ్వడిగినవన్నీ చెబుతాను. మీ బావ కాలి కట్టు విప్పారు. ఎముక అతికింది గానీ మోకాలు వంగడం లేదు. ఇక వంగదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. సైకిల్ షాపు పెట్టుకున్న మనిషి ఇక సైకిలెక్కలేడన్నమాట. షాపు ముందు పీట వేసుకుని, కాలు బారజాపుకుని పని చేస్తున్నాడు. బాగుచేసిన బండిని తొక్కి చూడాలంటే దారినపోయే వాళ్లని బతిమాలుకుంటాడు. "ఓ చుట్టు తిరిగి రా అన్నా, బ్రేకు పట్టుద్దో లేదో సూడు" అని మీ బావ అడుగుతుంటే లోపల వంట చేసుకుంటున్న నాకు వినబడుతుంది. ఆ మాట వినబడ్డ ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

నీ సయీదా బాగానే ఉంది. ఏడో నెల నడుస్తోంది. కాళ్లకు కాస్త నీరు వచ్చింది, మంత్రసాని చూసి భయం లేదంది. పులుపు తప్ప ఏదీ నోటికి సహించడం లేదు. పెరటి చుట్టూ ఉన్న నాపరాళ్లు ఏమయ్యాయని అడిగావు, సయీదా నీకు రాసినట్టుంది. మేకలొచ్చి గోంగూర మడి మొదలంటా మేసిపోతున్నాయన్నదీ నిజమే. ఆ రాళ్లు మాచర్ల రోడ్డు మీద ఉన్నాయి. నేనే పీకించాను. బ్రహ్మయ్య దగ్గర నీ ఉద్యోగం సంగతి చివర్లో రాస్తాను. ముందు ఈ రాళ్ల కథ చదువు, లేకపోతే అది అర్థం కాదు.

ఊరి చివర నుంచి పత్తి మిల్లుల దాకా ఆ రోడ్డు నీకు తెలిసిందే. మధ్యలో కంకర, రెండు పక్కలా మట్టి అంచు. కంకర మీద తొక్కితే సైకిలు బతకదు, మనిషీ బతకడు. అందుకే పాలవాళ్లూ మిల్లు కూలీలూ అందరూ మట్టి అంచునే పోతారు. బ్రహ్మయ్య బస్సు ఇంకా పెట్రోలు దొరక్క వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని తిరుగుతోంది. ఎత్తు వస్తే దిగి నెట్టమంటుంది, చదును వస్తే ఎవరినీ లెక్కచేయదు. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఆగాలి గదా? ఆగదు. కంకర దిగి మట్టి అంచు మీదికి వస్తుంది. అంచున ఎవరుంటే వాళ్ల మీదికి. మీ బావ కాలు అట్లాగే పోయింది.

మీ బావ మంచం దిగగానే ఆయన్ని జట్కాలో కూర్చోబెట్టుకుని రోడ్డు కమిటీ ప్రెసిడెంటు గారింటికి వెళ్లాను. సైకిళ్లవాళ్లకు అంచున ఒక బాట విడిగా ఉంచి, బస్సు అందులోకి రాకుండా ఏదైనా అడ్డం పెట్టించండి అని అడిగాను. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. మీ బావకు మజ్జిగ కూడా ఇప్పించాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు రోడ్డు పక్కన ఒక బోర్డు పాతించాడు. "బస్సు వచ్చునప్పుడు సైకిళ్లవారు దిగి పక్కన నిలబడవలెను." ఇదీ ఆ పెద్దమనిషికి తోచిన న్యాయం. తప్పు బస్సుది, బుద్ధి చెప్పింది సైకిళ్లకు.

యల్లమంద నీకు గుర్తుండే ఉంటాడు. మన షాపులో సైకిల్ అద్దెకు తీసుకుని, వెనక రెండు బిందెలు కట్టుకుని ఇంటింటికీ పాలు పోసేవాడు. అతనికి చదువు రాదు. ఆ బోర్డు మీద ఏముందో మీ బావే చదివి చెప్పాడు. మరుసటి వారం పత్తి మిల్లు మలుపు దగ్గర బస్సు హారన్ వినబడింది. యల్లమంద బోర్డు చెప్పినట్టే దిగాడు. అంచున సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఎడ్లబండిని తప్పించబోయి బస్సు ఆ అంచు మీదికే వచ్చింది. తొక్కుతూ ఉంటే ముందుకు పోయి బతికేవాడేమో. చెప్పినట్టు విని నిలబడ్డాడు గనుక చచ్చిపోయాడు. నేను వెళ్లేసరికి రోడ్డంతా పాలే. సగం ఇంకిపోయి సగం నిలిచి ఉన్నాయి. ఆ బోర్డు మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. మీ బావ ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు. చదివి చెప్పింది తనే గదా అని.

చావు పనులయ్యాక యల్లమంద భార్య మహాలక్ష్మమ్మ అద్దె సైకిల్ విరిగిన ముక్కలు తెచ్చి అప్పజెప్పడానికి షాపుకొచ్చింది. మీ బావ తలెత్తలేదు. నేను ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఆమె ఏడవలేదు. పెరటి చుట్టూ ఉన్న రాళ్ల వైపు చూస్తూ, "మేకకు అడ్డం ఉంది గానీ మనిషికి లేదక్కా" అంది. నేను లేచి వెళ్లి గడ్డపార తెచ్చాను.

బొగ్గు పొయ్యి చెడి బస్సు షెడ్డులో పడి ఉన్న రోజు చూసుకుని పని పెట్టుకున్నాం. మా పెరటి రాళ్లన్నీ పీకి బండికెక్కించాం. చూసి పక్కింటివాళ్లూ ఇచ్చారు, మిల్లు కూలీల ఆడవాళ్లు గుంటలు తవ్వారు. మట్టి అంచుకూ కంకరకూ మధ్య రాళ్లు నిలబెట్టుకుంటూ పోయాం. రాయి పాతడమంటే మనవాళ్ల చేతులకు తెలిసింది ఒకటే పద్ధతి, దడి కట్టినట్టు. రాయికి రాయి ఆనించి, సందు లేకుండా, మట్టి గట్టిగా దట్టించి పాతాం. సాయంత్రానికి చూసుకుని మురిసిపోయాం.

రెండు రోజులకు వాన పడింది. కంకర మీద నీళ్లు కాలవలోకి పోయే దారి మూసేశాం గదా, రోడ్డు చెరువైపోయింది. ప్రెసిడెంటు గారు గొడుగేసుకుని వచ్చి, "చూశారా ఆడాళ్ల ఇంజినీరింగు" అని నలుగురిలో నవ్వాడు. నాకు ఆయన మీదకన్నా నా మీదే ఎక్కువ మండింది. మీ బావ జట్కాలో వచ్చి, దిగకుండానే అటూ ఇటూ చూశాడు.

"ఏమే, ఈడ మేకలేడున్నయ్యే? బస్సు సందులో దూరుద్దా ఏంది? ఒకటి ఇడిసి ఒకటి పీకండి."

ఒకటి విడిచి ఒకటి పీకేశాం. నీళ్లు పోయాయి. సందులో నుంచి మనిషి దూరతాడు, బస్సు దూరదు. పీకిన రాళ్లు మిగిలాయి గనుక బాటను ఇంకా ముందుకు, యల్లమంద పోయిన మలుపు దాటించి మిల్లు గేటు దాకా తీసుకుపోయాం. మహాలక్ష్మమ్మ ఆ మలుపులో రాళ్లు ఎవరినీ తాకనివ్వలేదు, తనే పాతింది. ఇప్పుడు పొద్దున్నే షిఫ్టుకు పోయేవాళ్లు ఆ బాటన మాట్లాడుకుంటూ పోతున్నారు. వెనక్కి తిరిగి చూసుకోకుండా పోతున్నారు యాకూబ్. అది చూస్తే తప్ప తెలియదు.

ఇక బ్రహ్మయ్య సంగతి. ఇంతసేపూ దీన్ని వెనక్కి నెడుతూ వచ్చాను.

నేను వెళ్లి అడగలేదు, ఆయనే వచ్చాడు. రాళ్లు పీకించమని కమిటీని అడగొచ్చు గానీ యల్లమంద పోయినప్పటి నుంచి ఊరి నోరు ఆయనకు అనుకూలంగా లేదు. అందుకే మాతోనే పీకించాలని వచ్చాడు. అరుగు మీద కూర్చుని నెమ్మదిగానే మాట్లాడాడు.

"రోడ్డు సన్నబడ్డదమ్మాయ్. ఎదర బండొస్తే బస్సు ఆపుకోవాల్సొస్తంది."

"ఆగనియ్ బాబాయ్" అన్నాను.

"ఆగితే టయానికి మాచర్ల ఎట్టా చేరుద్ది? సరే, అది అట్టుంచు. మీ తమ్ముడు మిలిటరీలో లారీలు నడిపినోడంట గదా. మద్రాసులో ఎందుకు పడుండటం? డ్రైవరు సీటు ఖాళీగా ఉంది, అరువు మనిషితో నడుపుతన్నా. వచ్చే వారమే రమ్మని రాయి. నువ్వా రాళ్లు తీయించెయ్."

నువ్వు అడిగిందే యాకూబ్. కాన్పు నాటికి ఇంట్లో ఉండాలని, ఎట్లాగైనా ఈ మాచర్ల బస్సు లైనులో పని చూడమని నువ్వు నాలుగు ఉత్తరాల నుంచి అడుగుతున్నదే. అది నా అరుగు మీదికి నడిచి వచ్చి కూర్చుంది.

ఆ సీటు ఎట్లా ఖాళీ అయిందో నీకు తెలియదు గదా. యల్లమందను తొక్కించిన డ్రైవరుది అది. పోలీసులు అతన్ని తీసుకుపోయారు. మంచివాడే, మన షాపు ముందు బస్సు ఆపి మీ బావకు బీడీ ఇచ్చి పోయేవాడు. ఆలస్యమైతే బ్రహ్మయ్య నలుగురిలో నానా మాటలూ అనేవాడు, అందుకని అంచు మీదికి దిగేవాడు. తిట్టినవాడు అరుగు మీద కూర్చున్నాడు, తిట్లు తిన్నవాడు జైల్లో కూర్చున్నాడు.

"నా తమ్ముడు ఆ సీట్లో కూసోని ఎవరి మీదికి పోనియ్యాలి బాబాయ్?" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. లేచి, "నా బస్సుల్లో మీ ఇంటోళ్లకు ఈ జన్మలో పని లేదు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. కాబట్టి ఆ ఉద్యోగం ఇక రాదు. నిన్ను అడక్కుండా, మీ బావతో ఒక్క మాట కూడా అనకుండా నేనే పోగొట్టాను.

సయీదా తలుపు వెనక నుంచి అంతా విన్నది. బ్రహ్మయ్య గడప దిగగానే నా ఎదుటికి వచ్చి నిలబడింది.

"నీ మొగుడి కాలు పోయిందని నా మొగుణ్ని మద్రాసులోనే ఉంచుతావా వదినా?"

ఆనాటి నుంచి నేను వండింది తింటోంది గానీ నాతో మాట్లాడటం లేదు. ఆమె కోపం న్యాయమే. నీకు రాబోయే కోపమూ న్యాయమే. అయినా రాళ్లు తీయించను. కమిటీ కూలీలను పంపితే వాళ్ల ముందు నేనూ మహాలక్ష్మమ్మా కూర్చుంటాం. మేము లేని రోజున మిల్లు ఆడవాళ్లున్నారు. నువ్వు మంచి డ్రైవరువని నాకు తెలుసు. ఆ సీటుకు మంచితనంతో పని లేదు, టయానికి చేరితే చాలు. నా తమ్ముడు ఆ రోడ్డు మీద ఇంకొకరి పాలు ఒలికించడం కన్నా మద్రాసులో ఉండి నన్ను తిట్టుకోవడమే నాకు మేలు.

కాన్పుకు సెలవు పెట్టి రా. పది రోజులు ఇచ్చినా చాలు. రైలు దిగి నేరుగా షాపుకు రా, మీ బావ నీకోసం ఒక బండి సిద్ధం చేసి ఉంచుతాడు. ఇంటికి రాకముందే ఆ బాటన మిల్లు గేటు దాకా ఒకసారి తొక్కి, తిరిగి రా. నీ పక్క నుంచి బస్సు పోతుంది. పోనీ. ఆ తర్వాత ఇంటికొచ్చి, నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు, కూర్చుని వింటాను.

ఇట్లు,
నీ నోట తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
నీ అక్క
మాబున్నీసా