బట్టీ కన్నా ముందు గోడ

తమ్ముడికి,

నా కోడిగీతలకీ తప్పులకీ ఏమనుకోకు. గోడవతలికి కేకలెయ్యడం చేతకాక రాస్తున్నాను. రొట్టెల దుకాణం పంచుకుందామంటే సరేనన్నాను. నేను ఊరెళ్లొచ్చేలోగా నువ్వు మధ్యలో గోడ లేపావు. ఉన్న ఒక్క బట్టీ నీవైపు పడింది, పిండి తొట్టీ కుళాయీ నావైపు. ఇక ఏం కాలుస్తావు, బూడిదా?

మన కోడలు సైన్సు టీచరు కదా, నిన్న పాఠం చూసుకుంటూ చెప్పింది. ఉల్లి వేరులో కణం చీలేటప్పుడు ముందు కేంద్రకం రెండవుతుందట. చెరోవైపూ ఒకటి చేరాకే కణద్రవ్యాన్ని పంచుకుని మధ్యలో గోడ కట్టుకుంటుందట.

"చిన్నమామయ్య కంటే ఉల్లిపాయ నయం మామయ్యా" అంది. నిజమేనన్నాను.

గోడలో మనిషి పట్టేంత దారి తియ్యి. రెండో బట్టీ కట్టాక మూసుకో, నీ మొహం నేనూ చూడను. పొద్దున కలిపిన పిండి పొంగిపోతోంది, వెంటనే జవాబు రాయి.

నీ అన్న