చీకటి పెట్టెకు ఊడిన టేపు

మే 6
నా పరిశోధన ప్రశ్న ముక్‌కి ఇచ్చేశారు. ఆరేళ్ళు నేను తిప్పలు పడ్డ ప్రశ్న. కాలేయంలో చాలా భాగం కోసేసినా ఎలుకకు మళ్ళీ పెరుగుతుంది. కణాలు ఏ వేళకు చీలాలో చెప్పేవి ఒంట్లోని గడియారం జన్యువులు. అవి చెడితే కణాలు వేళాపాళా లేకుండా చీలి కేన్సర్ గడ్డలవుతాయా?

ముక్ జపాన్‌లో చదివొచ్చి నాలుగు నెలలే. మా ప్రొఫెసర్ విపా, మేమంతా ఆచాన్ అని పిలుస్తాం, అందరి ముందూ అన్నారు, తాన్‌కి పనెక్కువైంది, చిన్నదాన్ని చేయనిద్దాం అని. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

మే 9
ముక్ బొప్పాయికాయ సలాడ్ తెచ్చింది. నాకోసం కారం దండిగా వేయించిందట. తాన్ అక్కా, మీరు నేర్పకపోతే నాకు ఎలుకను పట్టుకోవడం కూడా వచ్చేది కాదు, అంటుంది. నిజమే. అందుకే ఇంకా మంట. మొత్తం తినేశాను, బాగుందని మాత్రం అనలేదు.

మే 16, మధ్యాహ్నం 3
ముక్ ఎలుకలన్నీ నా ఎలుకల పెట్టె పక్కనున్న పెద్ద చీకటి పెట్టెలో ఉంటాయి. కాస్త వెలుగు సోకినా వాటి గడియారం జరిగిపోతుంది, డేటా చెడుతుంది. ఇవాళ వెనక అంచున నల్లటేపు ఊడి ఉంది. వానలు మొదలయ్యాయి కదా, తేమ. నిన్న అక్కడ నేనే తుడిచాను, అప్పుడు బాగానే ఉంది. టేపు చుట్ట నా కోటు జేబులోనే ఉంది.

చెప్పలేదు.

మే 20
తన పెట్టె ముక్ తనే చూసుకోవద్దా? జపాన్‌లో నేర్పలేదా?

జూన్ 5
బయటపడింది. గడియారం జన్యువులు చెడని మామూలు ఎలుకల కణాలు కూడా అడ్డదిడ్డంగా చీలుతున్నాయని ఆచాన్ పెట్టె వెనక్కి తిప్పించారు. టేపు ఎప్పుడూడిందో తెలిస్తే అంతకుముందు తీసిన కాలేయాలు పనికొస్తాయి, తెలీదు కాబట్టి అన్నీ పారెయ్యండి, అన్నారు. జూలైతో ముక్ ఉద్యోగం గడువు అయిపోతుంది. చూపించడానికి ఏమీ లేకపోతే పొడిగించరు.

ఎవరైనా చూశారా అని అడిగారు. ముక్ ఏడుస్తూనే, పక్కనుండేది తాన్ అక్కే కదా ఆచాన్, చూసుంటే చెప్పకుండా ఉంటుందా, అంది.

ప్రశ్న మళ్ళీ నాకే ఇచ్చారు. సంతోషం కలగలేదని రాస్తే అబద్ధం. బస్సులో పాట పాడుకున్నాను.

జూన్ 6, ఉదయం 10
ఫ్రీజర్ ఖాళీ చేసే పని నాకే అప్పగించారు. ప్రతి ట్యూబు మీదా ముక్ చేతిరాత, తేదీ, గంట. మే 15 వరకు తీసినవి ఒక పక్క పెట్టాను. సగానికి పైగా ఉన్నాయి. అవి బాగున్నాయని తెలిసింది లోకంలో నా ఒక్కదానికే. చెత్త సంచి మూతి తెరిచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఫ్రీజర్ చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఉదయం 11
ఈ డైరీలో మే 16 పేజీ ఫొటో తీసి ఆచాన్‌కి, ముక్‌కి పంపాను. ఆఖరి మాట, చెప్పలేదు అన్నది కూడా పడేలా తీశాను.

ముక్ చూసినట్టు ఫోన్‌లో కనిపించింది. పక్క గదిలోనే ఉంది. రాలేదు.