మీ మేట్రన్ దగ్గరికి వెళ్తున్నాను

అమ్మాయీ,

నైట్ డ్యూటీ చేసి పడుకున్నావని లేపలేదు. వంట చేసి మూత పెట్టాను, వేడి చేసుకుని కూర్చుని తిను. తలుపు గడియ పెట్టకు.

పొద్దున నీ ఫోన్ మోగితే నేనే ఎత్తాను. మీ నర్సులందరికీ పెద్ద, ఆ మేట్రన్. విదేశంలో ట్రైనింగ్ స్కాలర్‌షిప్‌కి ఆస్పత్రి తరఫున నీ పేరు పంపుతానంటే వద్దన్నావట. "అత్తయ్యకి ఒంట్లో బాగోలేదు, వదిలి వెళ్ళలేనంటోంది. నిజమేనామ్మా?" అని అడిగింది. ఇవాళే ఆఖరి రోజట. నేనే వచ్చి చెప్తానని ఫోన్ పెట్టేశాను.

నా మీద పెట్టి మానుకుంటావా? కాలిన గాయాలతో నా కొడుకు మీ వార్డులోనే పోయిన రోజున, "ఇంకా బాగా చూడటం తెలిసుంటే బతికేవాడు అత్తయ్యా" అని నా ఒళ్ళో పడి ఏడ్చావు. ఇప్పుడు అదే నేర్పుతామంటున్నారు. వెళ్ళవే తల్లీ. ఏడాదికి నేనేమీ చచ్చిపోను. ఇంకో తల్లి కొడుకైనా ఇంటికొస్తాడు.

నేను బాగానే ఉన్నానని చెప్పి, నీ పేరు రాయమని అడుగుతాను. కోపమొస్తే రానీ.

అత్తయ్య

చేతికర్ర ఇంట్లోనే వదిలేశాను. అది చూసి కంగారుపడి నన్ను వెతక్కు. మేట్రన్ గది గుమ్మం దాకా పక్కింటి టీచరమ్మ పట్టుకుంటుంది. లోపలికి మాత్రం నేనొక్కదాన్నే నడిచి వెళ్తాను.